చూడకుండా రాసిన మందులు

నా ప్రాక్టీసులో ఎక్కువగా చూసిన జబ్బు ఏదని ఎవరైనా అడిగితే జ్వరమనో దగ్గనో చెప్పి తప్పించుకోవచ్చు. నిజానికి వాటితో సమానంగా నా గదికి వచ్చిన జబ్బు ఇంకొకటి ఉంది. దాన్ని నేను చూడలేదు. చూడకుండానే ఇరవై ఏళ్లు మందులు రాశాను. ఆడవాళ్లకు యోనిలో వచ్చే ఈస్టు ఇన్ఫెక్షన్ అది. మా తరం డాక్టర్లం ఆ పేరు నోటితో పలికేవాళ్లం కాదు.

ఇప్పుడు డెబ్బై దాటాయి. క్లినిక్ మూసేశాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "మీ అనుభవం చెప్పండి సార్" అంటారు. వాళ్లకు నేను నయం చేసిన కేసులు చెప్పడం తేలిక. ఒక కేసు మాత్రం ఎవరికీ చెప్పలేదు. అందులో నేను చేసిన తప్పుకు కారణం తెలియనితనం ఒక్కటే అయితే ఎప్పుడో చెప్పేసేవాణ్ని. పేర్లు మార్చి రాస్తున్నాను. నా బుద్ధిని మాత్రం ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

కడుపులో మంట

మాది తెనాలి దగ్గర. చదువయ్యాక లింగంపల్లిలో ఒక పెద్ద డాక్టరు గారి దగ్గర చేరాను. జ్వరం లక్షణాలు చెయ్యి పట్టుకుని చెప్పగల మనిషి ఆయన. గుండె చప్పుడు వినడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆడవాళ్ల జబ్బుల విషయంలో మాత్రం ఆయనది ఒకటే సూత్రం. "ఎక్కువ ప్రశ్నలు వేస్తే సిగ్గుపడి మళ్లీ రారయ్యా. రాసిచ్చి పంపెయ్" అనేవారు. ఆయన దగ్గర మంచివి పది నేర్చుకుని, ఈ ఒక్క చెడ్డదాన్ని వాటికంటే శ్రద్ధగా నేర్చుకున్నాను.

కొండాపూర్‌లో సొంతంగా క్లినిక్ పెట్టాక నా గదిలో జరిగే తంతు ఇలా ఉండేది. భర్త నా ఎదురుగా కుర్చీలో కూర్చుంటాడు. భార్య ఆకుపచ్చ కర్టెన్ అవతల బెంచీ మీద కూర్చుంటుంది. "మా ఆవిడకి కడుపులో మంటగా ఉందంటోందండి" అంటాడు. అది కడుపు కాదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. "తెల్లబట్ట అవుతోందా?" అని అతన్నే అడుగుతాను. అతను లేచి కర్టెన్ పక్కకు జరిపి గుసగుసగా అడిగి, వచ్చి కూర్చుని, "అవునంటండి" అంటాడు. నేను చీటీ రాసి అతని చేతికే ఇస్తాను. యాంటీబయాటిక్ క్యాప్సూళ్లు, స్టెరాయిడ్ కలిసిన ఒక క్రీము, కడుక్కోవడానికి డెట్టాల్ లాంటి మందునీళ్లు. ఆమె ముఖం కూడా నాకు సరిగ్గా గుర్తుండేది కాదు. అందుకే ఆ చుట్టుపక్కల నాకు మర్యాదస్తుడైన డాక్టరని పేరు వచ్చింది.

ఇప్పుడు రాస్తుంటే ఆ చీటీలో ప్రతి వరుసా తప్పే అని కనిపిస్తోంది. ఈస్టు అనేది ఒక రకం ఫంగస్. అది మన ఒంట్లో కొద్దిగా ఎప్పుడూ ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టే మంచి బ్యాక్టీరియా పక్కనే ఉంటుంది. యాంటీబయాటిక్ వేస్తే ఆ మంచిది చచ్చిపోతుంది, ఈస్టు పెరుగుతుంది. ఒంట్లో చక్కెర ఎక్కువైనా పెరుగుతుంది, గర్భంతో ఉన్నా పెరుగుతుంది. పెరిగితే భరించలేని దురద, ఎర్రదనం, ఒంటేలు పోసేటప్పుడు మంట, విరిగిన పెరుగులా ముద్దలుగా తెల్లటి స్రావం. పెద్దగా వాసన ఉండదు. ఘాటు మందునీళ్లతో కడిగితే మంట ఇంకా ఎక్కువవుతుంది. స్టెరాయిడ్ క్రీము నాలుగు రోజులు దురదను అణచిపెడుతుంది, ఐదో రోజు జబ్బు మళ్లీ తలెత్తుతుంది. అంటే ఆ జబ్బుకు మందిస్తున్నాననుకుంటూ నేను దానికి మేత వేశానన్నమాట.

దురద వచ్చిన ప్రతిదీ ఈస్టు కాదు. వాసన వేసేవి, పచ్చగా అయ్యేవి వేరే ఉన్నాయి, వాటి మందులు వేరు. అందుకే చూడాలి. దూదిపుల్లతో కొద్దిగా స్రావం తీసి గాజుపలక మీద రాసి, ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఈస్టు మొగ్గలూ దారాలూ కనిపిస్తాయి. ఐదు నిమిషాల పని. ఇరవై ఏళ్లలో నాకు ఆ ఐదు నిమిషాలు దొరకలేదు.

ఎదురు మెట్లు

డాక్టర్ సుగుణ లింగంపల్లి రైల్వే క్వార్టర్లలో పెరిగిన అమ్మాయి. గైనకాలజీలో డిప్లొమా చేసి, మొదట్లో ఏడాదిపాటు నా దగ్గరే అసిస్టెంటుగా పనిచేసింది. వచ్చిన రెండో వారమే నా చీటీ ఒకటి చేతిలో పట్టుకుని నిలబడింది.

"సార్, గామెను చూడకుంట ఎట్ల రాసిన్రు?"

"చూడక్కర్లేదమ్మా. అనుభవం."

"అనుభవానికి గా ఈస్టు కండ్ల పడ్తదా సార్?"

మా కాంపౌండర్ మల్లేశం పక్కనే సూది ఉడకబెడుతూ ఫక్కున నవ్వాడు. వాడిది కొత్తగూడ. నా కంటే రెండేళ్లు పెద్దవాడు. నాకు ఎదురు చెప్పగలిగిన మనిషి వాడొక్కడే. ఆ నవ్వు నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

ఏడాది తిరిగేసరికి సుగుణ బయటికి వెళ్లి, సరిగ్గా మా వీధిలోనే, మా క్లినిక్‌కు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు మీద రెండు గదులు కిరాయికి తీసుకుంది. బయటి నుంచి మెట్లు. లోపల ఒక బల్ల, ఒక తెర, కోఠీలో కొన్న పాత మైక్రోస్కోపు. "వారానికి నలుగురు వస్తే గొప్ప" అని నేను మల్లేశంతో అన్నాను.

అది తొంభైల చివర. మాధాపూర్ వైపు బండలు పేల్చి అద్దాల భవనాలు లేపుతున్నారు. కొత్త ఆఫీసుల్లో పనిచేసే ఆడపిల్లలు కొండాపూర్‌లో, ఖాజాగూడలో అద్దెకు దిగుతున్నారు. వాళ్లు భర్త నోటితో జబ్బు చెప్పించే రకం కాదు. ఆఫీసు బస్సు దిగి, చేతి సంచీతో నేరుగా సుగుణ మెట్లు ఎక్కేవారు. కొన్నాళ్లకు నా బెంచీ మీద కూర్చునే ఆడవాళ్లు కూడా వీధి దాటడం మొదలుపెట్టారు.

అక్కడ చెప్పులు మెట్ల మీదే విడవాలి. నేను ఆ చెప్పులు లెక్కపెట్టేవాణ్ని. సిగ్గు విడిచి రాస్తున్నాను, పేషెంటు ఎదురుగా కూర్చుని ఉండగా కూడా వీధి వైపు కిటికీ కర్టెన్ కొస పక్కకు జరిపి లెక్కపెట్టేవాణ్ని. తొమ్మిది జతలుంటే ఆ రోజు భోజనం సహించేది కాదు. మూడుంటే మల్లేశానికి టీ చెప్పేవాణ్ని. పాత పేషెంటు చెప్పులు గుర్తుపడితే ఒంట్లో ఏదో మండేది. కడుపులో మంట అని చెప్పుకోదగిన జబ్బు ఆ వీధిలో నిజానికి నాకే ఉంది.

"ఎన్నిసార్లు తీస్తరు సార్ ఆ కర్టెను? ఈగలొస్తున్నయ్" అనేవాడు మల్లేశం.

"గాలి కోసం."

"ఇయ్యాల పదకొండు జతల గాలి ఉంది సార్."

అసూయ గురించి ఒకటి తెలుసుకోండి. అది వచ్చినట్టు మనకు తెలియదు. వృత్తి మీద గౌరవం లాగానో రోగుల మీద ఆందోళన లాగానో కనిపిస్తుంది. "చిన్నపిల్ల, అనుభవం లేదు, అందరినీ పడుకోబెట్టి పరీక్షలు చేస్తోంది, జనం ఏమనుకుంటారు" అని నేను తోటి డాక్టర్లతో అనేవాణ్ని. నిజంగానే బాధపడుతున్నాననుకున్నాను.

చీటీ

రామ్మోహన్ రెడ్డిది ప్రొద్దుటూరు. కొండాపూర్ చుట్టుపక్కల ప్లాట్ల వ్యాపారం చేసేవాడు. నన్ను బాగా గౌరవించేవాడు. అతని భార్య వనజ కంప్యూటరు కోర్సు చేసి మాధాపూర్‌లో కొత్త ఆఫీసులో చేరింది. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని అప్పట్లో పెద్ద గోల. పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే పని ఆమెది. ఉద్యోగం రామ్మోహన్‌కు సగం ఇష్టం, సగం అనుమానం.

మొదట ఆమెకు గొంతు నొప్పి అని అతను వచ్చి చెబితే నేను పది రోజులు యాంటీబయాటిక్ ఇచ్చాను. రెండు వారాలకు అతను వచ్చి "కడుపులో మంట" అన్నాడు. ఆమె కర్టెన్ అవతల. ఇంకో యాంటీబయాటిక్, క్రీము. నెలకు మళ్లీ వచ్చాడు. మందు మార్చాను. ఆమె వయసెంత, ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా, దాహం వేస్తోందా, ఒక్కటీ అడగలేదు.

మూడోసారి అతను ఒంటరిగా వచ్చి నా బల్ల మీద ఒక చీటీ పెట్టాడు.

"మా ఆమె ఆఫీసు నుంచి నేరుగా ఆ మేడ మీద డాక్టరమ్మ దగ్గరికి పొయ్యిందంట సార్. నాకు చెప్పనే లేదు. ఇది చూడండి."

సుగుణ రాత నాకు తెలుసు. ఏడాది నా పుస్తకాల్లోనే రాసింది. ఈస్టు ఇన్ఫెక్షన్, మైక్రోస్కోపులో కనిపించింది. యాంటీబయాటిక్, స్టెరాయిడ్ క్రీము, మందునీళ్లు ఆపాలి. ఆరు రోజులు లోపల పెట్టుకునే మాత్ర. మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి పరగడుపున షుగరు పరీక్ష. భర్తకు దురద లేకపోతే అతనికి మందు అక్కర్లేదు.

నేను ఇచ్చినవన్నీ పేరుపేరునా ఆపమని రాసి ఉంది. ఆమె నన్ను ఏమీ అనలేదు. నా పేరైనా రాయలేదు. అయినా ఆ చీటీ చదువుతుంటే వీధంతా నిలబడి నవ్వుతున్నట్టనిపించింది.

"ఇది యాడ నుంచి వస్తాది సార్, అసలు?" అని అడిగాడు రామ్మోహన్.

జవాబు చీటీలోనే ఉంది. "నేనిచ్చిన మందుల వల్ల వచ్చి ఉండవచ్చు, షుగరు ఉందేమో చూద్దాం" అనాలి. అలా అంటే సుగుణ గెలుస్తుంది. నేను చీటీ మడిచి అతని వైపు తోశాను.

"ఆవిడ కుర్రది. మొహమాటపడి అసలు సంగతి రాయలేదు. ఇవి ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బులు రామ్మోహన్ గారూ. మళ్లీ మళ్లీ వస్తున్నాయంటే ఎక్కడో అంటుకుంటోందనే."

"నాకేం లేదు కదా సార్."

నేను మాట్లాడలేదు. పెన్ను మూత పెట్టాను. అంతే. అతను కాసేపు నా చేతి వైపే చూసి, "సరే సార్. తెలిసింది" అని లేచాడు.

అతను బయటికి వెళ్లి ఎటు తిరుగుతాడోనని నేను కిటికీ కర్టెన్ తీసి చూశాను. సుగుణ వైపు వెళ్లలేదు. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయిని నేను మర్చిపోలేదు.

వచ్చిన ఇద్దరు

మూడు వారాల తర్వాత మల్లేశం దూది చుడుతూ చెప్పాడు.

"రెడ్డి పెండ్లాం కొలువు బందు పెట్టిచ్చిండంట సార్. ఇంట్ల దినాం లొల్లి. ఆదివారం గామె అన్నను పిలిపిస్తుండు. తీస్కపొమ్మని పంచాయితీ."

"మనకెందుకురా వాళ్ల సంసారం."

"మనకే సార్. డాక్టరు చెప్పిండు, డాక్టరు చెప్పిండు అనుకుంట తిరుగుతుండు. ఏ డాక్టరో అడగరాదు?"

ఆ సాయంత్రమే సుగుణ వచ్చింది. నా దగ్గర పని మానేసి వెళ్లాక, వీధి దాటి ఆమె నా క్లినిక్‌లోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, వనజకు షుగరుంది. పరగడుపున మస్తు వచ్చింది. గందుకే తగ్గుత లేదు. రెడ్డి నా మాట ఇంటలేడు. మీరు పెద్దోళ్లు, మీరొక్క మాట చెప్పాలె."

సిగ్గుపడాల్సిన విషయం ఇది. ఆమె మాట్లాడుతుంటే నాకు మొదట కలిగింది సంతోషం. నా అవసరం పడింది, దిగి వచ్చింది అనుకున్నాను. ఆ సంతోషంలో, "ఒక డాక్టరు పేషెంటు గురించి ఇంకో డాక్టరు మాట్లాడకూడదమ్మా" అని నీతి చెప్పాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "నా మీద కోపముంటే నన్ను తిట్టున్రి సార్. మీ దగ్గర పనిచేసినదాన్ని, పడ్త. ఆమె సంసారమెందుకు?" అని వెళ్లిపోయింది.

మర్నాడు వనజ వచ్చింది. కర్టెన్ తీసుకుని లోపలికి వచ్చి, ఎప్పుడూ ఆమె భర్త కూర్చునే కుర్చీలో కూర్చుంది. చేతిలో నీళ్ల సీసా. గుండ్రటి ముఖం, కళ్ల కింద నలుపు, చదువుకున్న మనిషి మాట తీరు. నేను ఆమెను మొదటిసారి చూస్తున్నాను.

"మీరు నన్ను ఒక్క దినమన్నా చూసినారా సార్?"

"లేదమ్మా."

"ఎన్ని నీళ్లు తాగినా దప్పి తీరదు. గంటకోసారి బాత్‌రూముకు పోతాను. ఆఫీసులో ఆ అమ్మాయి సీట్లో ఉండదు అన్నారు. అది మా ఆయనకు తెలిసింది. సీట్లో లేకపోతే యాడికి పోతాండావు అన్నాడు. దానికి మీ మాట తోడయింది." సీసా మూత తీసి రెండు గుక్కలు తాగింది. "మా అమ్మకు షుగరుండాది. మీరు అడిగింటే చెప్పేదాన్ని."

షుగరు రిపోర్టు నా ముందు పెట్టింది. చూశాను. ఆ అంకె చూశాక ఇక నాకు నేను చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"మందు మారుస్తాను" అన్నాను.

"మందు ఆ డాక్టరమ్మ ఇచ్చింది. ఆయన ఆ మాత్రలు తీసి పారేసినాడు, తప్పు చేసినదానికి ఇచ్చే మందులని. మీరు మార్చాల్సింది మందు కాదు సార్, మాట. ఆదివారం పదకొండు గంటలకు మా అన్న వస్తాడు. ఆ మాట మీద నన్ను ఊరికి తీసుకపోతే నేను మళ్లీ తల ఎత్తుకోలేను. ఉద్యోగం పోతాది. మా చెల్లెలి సంబంధం కూడా పోతాది."

ఏడవలేదు. రిపోర్టు తిరిగి తీసుకుని, మడిచి, సంచీలో పెట్టుకుని వెళ్లింది.

ఆదివారం

వెళ్లాను. వెళ్తూ దారి పొడుగునా ఒక వాక్యం తయారుచేసుకున్నాను. "కొత్త పరీక్షలో ఇంకో సంగతి తేలింది" అనేది ఆ వాక్యం. అందులో తప్పు నాది కాదు, పాత పరీక్షది. పాత పరీక్ష అనేదే లేదు. అయినా తయారుచేసుకున్నాను. ముఖం కాపాడుకోవడం మనిషికి అంత అలవాటు.

ముందుగదిలో రామ్మోహన్, వనజ అన్న శివారెడ్డి ఎదురెదురుగా కూర్చున్నారు. వనజ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆమె పక్కన ఒక సూట్‌కేసు. నేను కూర్చుని ఆ వాక్యం చెప్పాను. షుగరు వల్ల కూడా ఇలా వస్తుందనీ, మందులతో తగ్గుతుందనీ చెప్పాను. అంతా సవ్యంగా, గంభీరంగా చెప్పాను.

రామ్మోహన్ నమ్మలేదు. "పోయిన నెల అంటుకునేదన్నారు. ఈ దినం షుగరంటారు. ఆ డాక్టరమ్మ వచ్చి మిమ్మల్ని బతిమాలిందని వీధిలో అందరికీ తెలుసు సార్. మొహమాటానికి మాట మార్చొద్దండి. మీరు నాకు మంచి కోరేవాళ్లు."

నన్ను నమ్మడం వల్లే అతను ఇప్పుడు నన్ను నమ్మడం లేదు. మొదటి అబద్ధాన్ని అంత బాగా చెప్పాను.

శివారెడ్డి అప్పటిదాకా తల వంచుకుని ఉన్నాడు. బండి నడిపే మనిషిలా మొరటు చేతులు. మెల్లగా అడిగాడు. "సార్, నాకు చదువు లేదు. ఒక్కటి చెప్పండి. మా చెల్లెల్ని చూసే ఆ మాట చెప్పినారా?"

గుమ్మం దగ్గర వనజ నా వైపే చూస్తోంది. నా దగ్గర ఇంకో తయారు వాక్యం లేదు.

"చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. గొంతుకిచ్చిన నా మందుతోనే ఇది మొదలై ఉంటుంది. తర్వాతి మందులు దాన్ని పెంచాయి. సుగుణ గారు రాసింది అక్షరం అక్షరం సరైనది. నా పేషెంట్లు ఆవిడ దగ్గరికి పోతున్నారని నాకు కుళ్లు. ఆ చీటీ చూసి ఓర్వలేక, ఆవిడ రాసింది తప్పని చూపించడానికి ఆ మాట అన్నాను రామ్మోహన్ గారూ. మీ ఆవిడ గురించి ఆలోచించి అన్నది కాదు."

వీధిలో గ్యాసు సిలిండర్ల బండి గంట కొట్టుకుంటూ పోయింది.

రామ్మోహన్ లేచాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా ఏమీ అనేవాణ్ని కాదు. అతను కిటికీ దగ్గరికి వెళ్లి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. శివారెడ్డి, "మూడు వారాలు, సార్. మూడు వారాలు మా చెల్లెలు ఈ మాట మోసింది" అన్నాడు.

వనజ వంటింట్లోకి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. అక్కడే నిలబడి ముందు తను ఒక గ్లాసు పూర్తిగా తాగింది. అన్నకు ఒకటి ఇచ్చింది. కిటికీ దగ్గర భర్త పక్కన గట్టు మీద ఒకటి పెట్టింది. నాకు ఇవ్వలేదు. ఇరవై ఏళ్లలో నేను వెళ్లిన ఏ ఇంట్లోనూ నాకు నీళ్లు ఇవ్వకుండా ఉండలేదు. నేను లేచి నమస్కారం పెట్టి వచ్చేశాను.

కుర్రవాళ్లకు

కథ మధ్యలో ఆపి మీకు నాలుగు మాటలు చెప్పాలి. ఇవి తర్వాత సుగుణ దగ్గర నేర్చుకున్నవి.

ఆమె మాట ఆమె నోటి నుంచే వినండి. భర్తను, అత్తను బయట కూర్చోబెట్టండి. కర్టెన్‌కు ఏ వైపు ఎవరుండాలో నిర్ణయించేది మీరే. పరీక్ష చేసేటప్పుడు గదిలో ఒక ఆడమనిషిని ఉంచండి, మీకు చెయ్యడం కుదరకపోతే చెయ్యగలిగినవాళ్ల దగ్గరికి పంపండి. పంపడం ఓటమి కాదు. ఈస్టు అని తేలాక మందు సులువే. గర్భిణికి మాత్రం మింగే మాత్ర వద్దు, లోపల పెట్టుకునేదే ఏడు రోజులు వాడమనండి. ఏడాదిలో మూడు నాలుగు సార్లు తిరిగివస్తే మందు మార్చే ముందు షుగరు చూడండి, అంతకుముందు మీరే ఏం రాశారో మీ పుస్తకం తిరగేసి చూడండి. నూలు బట్టలు, గాలి తగలడం, మామూలు నీళ్లతో శుభ్రం చేసుకోవడం చాలు. ఇది మురికి వల్లో నడత వల్లో వచ్చింది కాదని ఆమెకు చెప్పండి. భర్త గదిలో ఉంటే ఆమె ఒప్పుకోలు అడిగి, అతనికి ఇంకా గట్టిగా చెప్పండి. మీరు చెప్పకుండా వదిలేసిన చోట అతను తనకు తోచింది పెట్టుకుంటాడు. నేను పెన్ను మూత పెట్టిన ఆ క్షణంలో అతను పెట్టుకున్నట్టు.

బుధవారం

సోమవారం పొద్దున నుంచీ కర్టెన్ దగ్గరే ఉన్నాను. సుగుణ మెట్ల మీద చెప్పులు చూస్తున్నాను. ఈసారి లెక్క కోసం కాదు. రామ్మోహన్‌వి ముందు ఎత్తుగా వంపు తిరిగిన తోలు చెప్పులు, ఊరి నుంచి కుట్టించి తెచ్చుకునేవాడు. ఎక్కడున్నా గుర్తుపట్టవచ్చు. సోమవారం లేవు. మంగళవారం ఎనిమిది జతలున్నాయి, అవి లేవు. సూట్‌కేసుతో బస్సెక్కారేమోనని మల్లేశాన్ని ఆ వీధి వైపు పంపాను. "తాళం లేదు సార్. ఇంట్లనే ఉన్నరు. చప్పుడైతే లేదు" అని వచ్చాడు.

బుధవారం సాయంత్రం ఆఫీసు బస్సులు వచ్చే వేళకు మెట్ల మీద, కింది నుంచి మూడో మెట్టు దగ్గర, నీలం పట్టీల ఆడచెప్పులు కనిపించాయి. వాటి పక్కన కాకుండా, ఒక మెట్టు కింద, ఆ వంపు తిరిగిన తోలు చెప్పులు.

నా పాత రిజిస్టరు తీశాను. వనజకు నేనిచ్చిన మందులన్నీ తేదీలతో అందులో ఉన్నాయి. సుగుణకు అవి కావాలి. మల్లేశంతో పంపవచ్చు. పంపలేదు. వీధి దాటి, మెట్ల దగ్గర నా బూట్ల లేసులు విప్పుకుని పైకి వెళ్లాను. అరవై జతల చెప్పుల మధ్య నడిచినట్టనిపించింది, ఉన్నవి పదిలోపే.

సుగుణ రిజిస్టరు తీసుకుని తిరగేసింది. మైక్రోస్కోపు దగ్గర నుంచి పక్కకు జరిగి, "చూడున్రి సార్" అంది. కాలేజీ వదిలాక నేను అందులో కన్ను పెట్టడం అదే మొదలు. సన్నటి దారాలు, వాటి పక్కన మొగ్గలు. ఇరవై ఏళ్లుగా నేను కర్టెన్ అవతల కూర్చోబెట్టింది ఇదే. తెర వెనక బల్ల మీద వనజ లేచి కూర్చున్న చప్పుడయింది. గోడ దగ్గర కుర్చీలో రామ్మోహన్ ఆమె నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. ఆ తర్వాత అతను జీవితంలో నాతో మాట్లాడలేదు. అది అతని హక్కు. వనజ ఆ నెలాఖరుకు మళ్లీ ఆఫీసు బస్సెక్కడం మాత్రం నా కిటికీలోంచి చూశాను.

నేను తిరిగి వచ్చేసరికి మల్లేశం కర్టెన్ పూర్తిగా పక్కకు లాగి, కొక్కేనికి కట్టేసి, కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"తొమ్మిది జతలు సార్ ఇయ్యాల," అన్నాడు. "అందుల ఒకటి మీది."